నెత్తి మీద ముడుపు

నేను రోజూ పొద్దున అరగంట కళ్ళు మూసుకుని కూర్చుంటాను. చేసేది అంతే. ఆ అరగంటలో ఎవరి జోలికీ పోను, ఎవరినీ ఒక్క మాట అనను, వంటింట్లో పాలు పొంగినా నోరు తెరవను. రోజు మొత్తంలో నా వల్ల ఈ లోకానికి ఏ ఇబ్బందీ లేని సమయం ఏదైనా ఉందంటే అదొక్కటే. అయినా ఎల్లారెడ్డిలో సగం మందికి దాని మీదే ఏడుపు.

బస్టాండు వెనక సందులో నాది లేడీస్ టైలర్ దుకాణం. కొలతలు ఇవ్వడానికి వచ్చిన మనిషి చేతులు కాస్త ఎత్తి నిలబడి, నేను టేపు వీపు చుట్టూ తిప్పానో లేదో, మొదలుపెడుతుంది. "అనిలక్కా, నువ్వు ధ్యానం జేస్తవంట గదా. ఏమొచ్చింది?" ఏమీ రాలేదంటే నమ్మదు. "మరి ఎందుకు జేస్తున్నవ్?" అంటుంది. "ఊకెనే," అంటాను. ఊరికే అని. ఆ మాట వినగానే మొహంలో అనుమానం మొలుస్తుంది. ఈమెకు ఏదో దొరికింది, మనకు చెప్పకుండా దాచుకుంటోంది అని. ఆ తర్వాత నేను పిన్నులు నోట్లో పెట్టుకుంటాను కాబట్టి బతికిపోతారు.

పొద్దున లేచి అందరూ మొహం కడుక్కుంటారు. కడుక్కున్నందుకు ఏమొచ్చిందని ఎవరినైనా అడుగుతారా? వాకిలి ఊడ్చి ముగ్గు వేస్తారు. పొద్దెక్కేసరికి దాన్ని స్కూటర్లు తొక్కేస్తాయి. మరునాడు మళ్ళీ వేస్తారు. ఇన్నేళ్ళు ముగ్గులు వేసి నువ్వేం సాధించావని ఏ ఆడమనిషినీ నడిబజార్లో నిలదీసిన వాళ్ళను నేను చూడలేదు. నన్ను మాత్రం నిలదీస్తారు.

ఇది ఎట్లా మొదలైందో చెబితే ఇంకా నవ్వుతారు. ఫ్యాను కోసం మొదలైంది. ఒక మే నెలలో లైనింగు గుడ్డ, దారపు రీళ్ళు కొందామని కామారెడ్డి వెళ్ళాను. కొనడం అయ్యేసరికి బస్సు వెళ్ళిపోయింది. రీళ్ళ దుకాణం పై అంతస్తులో ఒక హాలు, మెట్ల దగ్గర ధ్యాన కేంద్రం అని బోర్డు, తెరిచిన తలుపులోంచి తిరుగుతున్న ఫ్యాన్లు కనిపించాయి. ఎండకు నెత్తి మాడిపోతోంది. పైకి వెళ్ళి కూర్చున్నాను. అందరూ కళ్ళు మూసుకుంటే నేనూ మూసుకున్నాను. ఏమీ జరగలేదు. ఆ ఏమీ జరగకపోవడం నాకు నచ్చింది, ఎందుకంటే మా ఇంట్లోనూ దుకాణంలోనూ ఎప్పుడూ ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. మరునాడు ఇంట్లో కూర్చున్నాను. ఆ మరునాడూ కూర్చున్నాను. అట్లా ఏళ్ళు గడిచాయి.

కూర్చున్నాక ఏమవుతుందో చెప్పడానికి దాపరికం ఏమీ లేదు. కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. నిన్న తప్పుగా కత్తిరించిన జాకెట్టు చెయ్యి గుర్తొస్తుంది. మా ఆడబిడ్డ ఎప్పుడో ఎవరి పెళ్ళిలోనో అన్న మాటకు ఇప్పుడు జవాబు తడుతుంది, చాలా గొప్ప జవాబు. దాన్ని వదిలేసి ఊపిరి దగ్గరికి వస్తాను. మళ్ళీ ఎటో పోతాను. అరగంట అయ్యాక లేస్తాను. కోపం తగ్గిందా అంటే తగ్గలేదు. మా ఆయన భీమేష్ మోటార్లకు వైండింగ్ చేస్తాడు. "కూసోకముందు ఎంతుండెనో గంతనే ఉన్నది," అని మీటరు చూసి చెప్పినట్టు చెబుతాడు.

కామారెడ్డి హాలు నడిపే అరుణ్‌కుమార్ సారుకు నేనొక తలనొప్పిని. ఆయన రిటైరైన లెక్చరరు. మనిషి మంచివాడే, గొంతు కూడా మెత్తన. కానీ నెలలో మొదటి ఆదివారం అనుభవాలు అని ఒక కార్యక్రమం పెడతాడు. మైకు ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి వెళుతుంది. ఒకాయనకు కనుబొమల మధ్య నీలం వెలుగు కనిపించింది. ఒకామెకు మోకాళ్ళ నొప్పి పోయింది. ఇంకొకాయనకు షుగరు దిగింది, కోడలితో ఇంకా పడటం లేదు గానీ అదీ దారికి వస్తుందని నమ్మకం. మైకు నా దగ్గరికి వస్తే, "ఏం లేదు సార్," అని పక్కామెకు ఇచ్చేస్తాను. "ఏమీ లేకపోవడం ఏమిటమ్మా. సాధనలో ఎక్కడో లోపం ఉంది. ఓపిక పట్టండి, వస్తుంది," అంటాడు. అంతకు ముందే ఏ కోరికా లేకుండా కూర్చోవాలని పావుగంట ఉపన్యాసం చెప్పి ఉంటాడు. ఆయన మాట ఆయన చెవిన పడదేమో తెలియదు.

సరే, వాళ్ళంతా బయటి వాళ్ళు. అసలు దెబ్బ ఇంట్లోనే పడింది.

మా ఆయన అక్క గంగాబాయి తాడ్వాయిలో ఉంటుంది. ఆమెకు ఒక్కడే కొడుకు, సతీశ్. డ్రైవరు పనికని సౌదీ పోయాడు. పోయిన కొన్నాళ్ళకే కంపెనీ మూతపడింది. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండిపోయింది. పనీ లేదు, జీతమూ లేదు, ఇంటికి పోనివ్వరు. అట్లాంటి వాళ్ళు మరికొందరితో కలిసి ఒక రేకుల షెడ్డులో పడి ఉన్నాడు. మా అత్త భూదవ్వకు మనవడంటే ప్రాణం. ఫోను మోగితే చాలు, చేతిలో ఏముంటే అది కింద పడేది.

సతీశ్ సంగతి షెడ్డులోని ఇంకో కుర్రవాడి ద్వారా యాకూబు అనే మనిషికి చేరింది. యాకూబుది భిక్నూర్. హైవే పక్కన పంక్చరు దుకాణం. తనూ ఒకప్పుడు అట్లాగే అక్కడ ఇరుక్కుని బయటపడినవాడు. అప్పటినుంచి ఎవరి పిల్లవాడు ఇరుక్కున్నాడని విన్నా దుకాణానికి తాళం వేసి బయలుదేరతాడు. మాతో చుట్టరికం లేదు, ముఖపరిచయం కూడా లేదు. ఎంబసీకి ఫోన్లు చేయడం, హైదరాబాదులో ఆఫీసుల చుట్టూ తిరగడం, అక్కడి తెలుగువాళ్ళను పట్టుకుని షెడ్డుకు బియ్యం, పప్పు పంపించడం, అన్నీ ఆయనే చేశాడు. ఏ కబురున్నా నాకే ఫోన్ చేసేవాడు, ఎందుకంటే మా కుటుంబంలో ఏడవకుండా చెప్పింది వినే మనిషిని నేనొక్కదాన్నే. "చెల్లే, ఇయ్యాల జర ముందలికి వోయింది. ఇంకొక్క సంతకం గావాలె. ఫికర్ జెయ్యకుండ్రి," అనేవాడు.

ఆ రోజుల్లోనే మా ఇంట్లో ఒక వింత జరిగింది. నేను దేవుని అర్రలో కూర్చుంటాను. భక్తితో కాదు. ఇంట్లో తలుపు వేసుకోగలిగిన గది అదొక్కటే. దాని పక్కనే నల్లా. నేను కూర్చున్నానంటే సరిగ్గా అప్పుడే మా అత్తకు బోళ్ళు తోమాలనిపించేది. స్టీలు గిన్నెలన్నీ గచ్చు మీద కుమ్మరించి, ఒక్కొక్కదాన్ని దాని పాపం కడిగినట్టు తోమేది. అట్లాంటిది, దసరా వెళ్ళిన కొన్నాళ్ళకు ఆ చప్పుడు ఆగిపోయింది. నేను లేచేదాకా చెంచా కూడా ముట్టదు. టీవీ పెట్టదు. పాలవాడిని గేటు దగ్గరే ఆపి నోటి మీద వేలు పెట్టి చూపిస్తుంది. ఒకరోజు నాకు జ్వరం వచ్చి ముసుగు పెట్టి పడుకుంటే వచ్చి భుజం తట్టింది. "పిల్లా, లే. జరసేపు కూసోని మళ్ళ పండుకో," అంది.

మా అత్తకు నా అరగంట విలువ తెలిసిందని నేను పొంగిపోయాను. దుకాణానికి వచ్చిన వాళ్ళతో గొప్పగా చెప్పాను కూడా. అదే సమయంలో దేవుని అర్రలో గోడ మేకుకు ఒక పసుపు గుడ్డ మూట వేలాడటం మొదలైంది, సరిగ్గా నేను కూర్చునే చోటికి పైన. ముడుపు అని చూడగానే తెలుసు. మా వైపు కష్టం వస్తే కొత్త గుడ్డలో కొబ్బరికాయ, పసుపు బియ్యం పెట్టి, కోరిక చెప్పుకుని, మొక్కు మొక్కి కడతారు. కోరిక తీరాక విప్పి ఆ మొక్కు చెల్లిస్తారు. మనవడి కోసం కట్టింది, పాపం ముసలి ప్రాణం అనుకున్నాను. ఏమి మొక్కిందో అడగలేదు.

చలి తగ్గే రోజుల్లో సతీశ్ వచ్చాడు. మనవణ్ణి ముందు తనే చూడాలని అత్త పట్టుబట్టింది కాబట్టి, యాకూబు తెలిసినవాళ్ళ కారు తీసుకుని విమానాశ్రయం నుంచి నేరుగా ఎల్లారెడ్డికే తెచ్చాడు. గంగాబాయి ముందురోజే వచ్చి మా ఇంట్లో కూర్చుంది. వాడకట్టు అంతా వాకిట్లోనే ఉంది. కారులోంచి చిక్కి సగమైన పిల్లవాడు దిగాడు. అత్త దిష్టి తీసి ఏడ్చింది, గంగాబాయి ఏడ్చింది, నేనూ ఏడ్చాను. అంతవరకు బాగానే ఉంది. తర్వాత గంగాబాయి ఒక కొబ్బరికాయ పట్టుకుని వచ్చి, నా కాళ్ళ ముందు రాయి పెట్టి, దాని మీద కొట్టింది. నీళ్ళు నా పాదాల మీద చిందాయి. అంతటితో ఆగకుండా వంగి నా కాళ్ళు పట్టుకోబోయింది. ఆమె నాకంటే పెద్దది.

"ఏంది వదినె ఇది?" అని వెనక్కి జరిగాను.

"నువ్వు రోజు కూసోవట్టే నా కొడుకు ఇల్లు జేరిండు."

"నేను కూసుంటే పిలగాడు వచ్చుడేంది? యాకూబన్న తోల్కొచ్చిండు."

"ఆయన కారుల తోల్కొచ్చిండు. సముద్రం దాటిచ్చింది నువ్వు."

అప్పుడు మా అత్త నా గడ్డం పట్టుకుని, ఎంతో ప్రేమగా అసలు సంగతి చెప్పింది. "నేనే మొక్కిన బిడ్డా. నా కోడలు దినాం నీ ముందల కదలకుంట మెదలకుంట కూసుంటది తల్లీ, నా మనుమణ్ణి ఇంటికి పట్కరా అని అమ్మోరికి జెప్పి నీ పేరు మీదనే ముడుపు గట్టిన. నేను ఉపాసముందామంటే నాకు షుగరాయె. నువ్వెట్లాగు కూసుంటనే ఉంటివి."

నేనెట్లాగూ కూర్చుంటున్నాను కాబట్టి. పొయ్యి ఎట్లాగూ మండుతోంది కదా అని ఎవరో నీళ్ళు పెట్టుకున్నట్టు. గిన్నెల చప్పుడు ఆగింది నా కోసం కాదు. జ్వరంలో లేపింది నా సాధన తప్పకూడదని కాదు, ఆమె మొక్కు తప్పకూడదని. ఎవరి కోసమూ కాదు, దేని కోసమూ కాదు అని ఊరంతటితో పోట్లాడి దక్కించుకున్న ఒక్క అరగంటను, నాకు చెప్పకుండా తీసుకుపోయి దేవతకు మాటిచ్చి, పైగా నా నెత్తి మీదే వేలాడదీశారు. దాని కింద నేను ఇన్నాళ్ళూ వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ వాకిటినిండా జనం, నా గడ్డం పట్టుకుని ఏడుపు మొహంతో ముసలామె. ఏమంటాను?

తల తిప్పి చూస్తే, యాకూబు సతీశ్ పెట్టెను గోడవార దించి, నల్లా తిప్పుకుని దోసిలితో నీళ్ళు తాగుతున్నాడు. అంతమందిలో ఒక్కరికి ఆయనను కూర్చోమనాలని తోచలేదు. నేను జనాన్ని తోసుకుని గేటు దగ్గరికి పోయేసరికి కారు కదులుతోంది.

"చాయ్ తాగి పోరాదు అన్నా."

"మళ్ళొస్త చెల్లే. దుకాణం బంద్ వెట్టి వచ్చిన," అన్నాడు. ఆయన మొహంలో కోపమేమీ లేదు. ఆయనకు రావలసిన కోపం కూడా నాకే వచ్చింది.

ఆ వారంలోనే ఇంకొకటి. తాడ్వాయి నుంచి కామారెడ్డి హాలుకు వచ్చేవాళ్ళు ఉన్నారు, గంగాబాయికి నోరు ఉంది. మర్నాటికే హాలు వాళ్ళ వాట్సాప్ గ్రూపులో నా ఫొటో. ఏదో పెళ్ళిలో పట్టుచీరతో దిగింది, ఎవరు పంపారో. చుట్టూ పసుపు కిరణాలు. కింద, నిత్య ధ్యానశక్తితో గల్ఫ్ చెర నుంచి విముక్తి, ఎల్లారెడ్డి సోదరి అనిల గారి దివ్యానుభవం, ఆదివారం స్వయంగా ఆమె మాటల్లోనే వినండి అని రాసి ఉంది. నా మాటలు ఏమిటో నాకంటే ముందు వాళ్ళకే తెలుసు. దుకాణం మూసి బస్సెక్కాను. తాడ్వాయి స్టాపులో ఎక్కిన ఒకామె నన్ను గుర్తుపట్టి, తన కొడుకు దుబాయ్‌లో ఉన్నాడని, వాడి పేరు కూడా కలుపుకుని కూర్చోమని బతిమాలింది. నేను కిటికీ వైపు తిరిగాను.

హాలు మెట్ల దగ్గర అదే బొమ్మ ఫ్లెక్సీగా కట్టి ఉంది. నా మొహం బండి చక్రమంత ఉంది. అరుణ్‌కుమార్ సారు ఎదురొచ్చాడు.

"రండమ్మా, రండి. మీ గురించే అనుకుంటున్నాం."

"సార్, ఇది తీసేయాలె."

"ఎందుకమ్మా? పదిమందికి స్ఫూర్తిగా ఉంటుంది."

"మా పిలగాన్ని భిక్నూర్ యాకూబు అనే మనిషి తెచ్చిండు సార్. కడుపు గట్టుకోని ఆఫీసుల పొంటి తిరిగి తెచ్చిండు. స్ఫూర్తి గావాల్నంటే ఆయన ఫొటో వెట్టుండ్రి."

సారు చల్లగా నవ్వాడు. "అమ్మా, ఆ యాకూబు మనసును కదిలించిన శక్తి ఏది? అది మీ ధ్యానమే కదా."

ఒక మనిషి పడ్డ కష్టాన్ని ఇంత మెత్తటి గొంతుతో, ఇంత నవ్వు మొహంతో ఎత్తుకుపోవచ్చని నేను ఎన్నడూ చూడలేదు.

"సార్, నేను ఆ పిలగాని కోసం కూసోలే. ఎవ్వరి కోసం కూసోలే. మీరే గదా చెప్పిండ్రు, ఏం కోరకుండ కూసోమని."

"అవునమ్మా. అట్లా ఏమీ కోరకుండా కూర్చున్నవారికే పెద్ద ఫలితాలు వస్తాయి."

"అంటే ఫలితం రావాల్నని కోరకుండ కూసోవాల్నా?"

సారు ఫ్యాను వైపు చూశాడు. తర్వాత, "మీరు చాలా కోపంగా ఉన్నారు. ముందు లోపలికి వచ్చి కాసేపు ధ్యానం చేయండి, తర్వాత మాట్లాడుకుందాం," అన్నాడు.

చేయలేదు. నా సంచిలో ఎప్పుడూ ఉండే కత్తెర తీసి ఫ్లెక్సీ తాళ్ళు కత్తిరించాను. నా మొహాన్ని నేనే చుట్టచుట్టి చంకలో పెట్టుకుని బస్సెక్కాను. ఇప్పుడది తిరగేసి మా దుకాణం ముందు ఎండకు పరదాగా కట్టి ఉంది. గట్టి గుడ్డే వాడారు.

ఆదివారం నేను హాలుకు పోలేదు. సభ మా ఇంట్లోనే జరిగింది. గంగాబాయి వాళ్ళు కోయడానికి యాటను తెచ్చారు. పెరట్లో పొయ్యి పెట్టారు. నాకు పట్టుచీర, పూలు, పసుపు కుంకుమ పళ్ళెంలో పెట్టి తెచ్చారు. ముడుపు విప్పి, ఆ కాయ కొట్టి, మొక్కు చెల్లించాక భోజనాలు. ఎవరి పేరు మీద కడితే వాళ్ళే విప్పాలట. దేవుని అర్రలో అత్త, గంగాబాయి, సతీశ్ నిలబడి ఉన్నారు. మా ఆయన పెరట్లో మాంసం దగ్గర నిలబడ్డాడు. తల్లికీ అక్కకూ భార్యకూ మధ్య మాట్లాడకపోవడమే ఆయన చేసే ధ్యానం.

"ఇప్పు బిడ్డా," అంది అత్త.

"నేను కట్టలే అత్తమ్మా. నేను ఇప్పను. నేను ఇప్పితే, నేనే కూసోని పిలగాన్ని తెచ్చిన అని ఒప్పుకున్నట్టు అయితది. నేను తేలే."

"ఒప్పుకుంటే నీకు పోయేదేంది అనిలా?" అంది గంగాబాయి. "ఇంత మర్యాద జేస్తుంటే చేదాయెనా? సరే, నీ ఇష్టం. ఇప్పు, ఇప్పినంక ఇంక కూసునుడు బంద్ జెయ్యి."

"ఎందుకు బంద్ జెయ్యాలె?"

"మొక్కు తీరింది గద. తీరినంక గూడ కూసుంటున్నవంటే ఇంకోటి ఏదో అడుగుతున్నట్టు. ఎవరి మంచికి అడుగుతున్నవో, ఎవరి మీద కూసుంటున్నవో ఎవరికెర్క? వాడకట్టోళ్ళు అప్పుడే అనవట్టిరి."

నా చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. నిన్నటిదాకా కాళ్ళు మొక్కిన మనిషే ఇప్పుడు చేతబడి దాకా వచ్చింది. ఇన్నేళ్ళుగా కళ్ళు మూసుకుని దాచుకున్న జవాబులన్నీ ఒక్కసారిగా నాలుక మీదికి వచ్చాయి. ఊపిరి గుర్తు రాలేదు, ఏమీ గుర్తు రాలేదు. నోరు తెరవబోతూ అత్త వైపు చూశాను.

ఆమె నన్ను చూడటం లేదు. ముడుపును చూస్తోంది. "అనిలా," అంది, నా పేరు పెట్టి ఆమె పిలవడం అరుదు. "తప్పు నాది. నామీద కోపముంటే నన్ను తిట్టు. మొక్కు బాకి వెట్టకు. మళ్ళ పిలగాన్ని ఎవరన్న గుంజుకపోతే నేను బత్క."

ఆ భయం నిజమైనది. ఏ ఫ్లెక్సీలోనూ పెట్టలేనిది. నేను విప్పకపోతే ఈ ముసలామె తన మిగిలిన రోజులన్నీ ఆ మేకు వైపు చూస్తూ గడుపుతుంది. విప్పితే నా అరగంట పోతుంది. ఎవరి కోసమో చేసిన మొక్కుగా ముగిసిపోతుంది, మళ్ళీ కూర్చుంటే మంత్రగత్తె అవుతాను. నాకు ఏడుపు వచ్చింది, కోపంతో.

స్టూలు జరుపుకుని ఎక్కాను. ముడి బిగిసిపోయి ఉంది. పంటితో లాగి విప్పాను. పసుపు బియ్యం నా జుట్టు మీద రాలాయి. కాయ చేతికి తేలిగ్గా వచ్చింది. ఇన్ని నెలలకు నీళ్ళు ఎండి, లోపల కొబ్బరి కుడకై, గుల్ల విడిచి కదులుతోంది. దిగి, దాన్ని సతీశ్ చేతిలో పెట్టాను.

"దీన్ని తీస్కపోయి యాకూబన్న ఇంటి ముందల కొట్టు. ఈ చీరె వాళ్ళింటామెకు వెట్టు. యాట కూర డబ్బాల పెట్టిస్త, అది గూడ తీస్కపో."

"దేవుని మొక్కు తీస్కపోయి సాయబులింట్ల తీరుస్తరా?" అంది గంగాబాయి.

వచ్చినప్పటినుంచీ పెద్దగా నోరు విప్పని సతీశ్ అప్పుడు తల్లి వైపు తిరిగి మాట్లాడాడు. "అవ్వా, షెడ్డుల ఉన్నప్పుడు పొద్దుమాపు ఫోన్ జేసి తిన్నవా తమ్మీ అని అడిగింది ఆయన. నీకు చేస్తే ఏడుస్తవని నీకు ఫోనే జెయ్యకపోతుంటి. నేను పోత."

గంగాబాయి పళ్ళెం కింద పెట్టింది. మా అత్త కాయ వైపు, మనవడి వైపు మార్చి మార్చి చూసింది. ఆమె అడిగింది నేను అనుకున్నది కాదు.

"ఆయన కొట్టనిస్తడా మరి?"

"వాళ్ళింట్ల గూడ చట్నీకి కొబ్బరికాయ కొడ్తరు అమ్మమ్మా."

అత్త ఆలోచించింది. పసుపు కుంకుమ పొట్లాలు తీసి వాడి జేబులో పెట్టింది. "కొట్టేటప్పుడు ఫోన్ జెయ్యి. నాకు చప్పుడు ఇనవడాలె," అంది.

సతీశ్ బండి మీద వెళ్ళాడు. ఇక్కడ ఎవరూ భోజనానికి లేవలేదు. అత్త ఫోను ఒళ్ళో పెట్టుకుని దేవుని అర్ర గడపలో కూర్చుంది. ఎండ వాలుతుండగా ఫోను మోగింది. నేను స్పీకరు పెట్టాను. హైవే మీద లారీల మోత, దాని మధ్యలో సిగ్గుపడుతున్న యాకూబు గొంతు. "ఇదంత ఏంది చెల్లే, నేనేం జేసిన." తర్వాత కాయ రాయికి తగిలి పగిలిన చప్పుడు. అత్త కళ్ళు మూసుకుని రెండు చేతులూ ఎత్తి మొక్కింది. "తీరింది," అని లేచి, అన్నం పెట్టమంది.

గంగాబాయి పోతూ గేటు దగ్గర ఆగింది. "రేపు గూడ కూసుంటవా?"

"కూసుంట వదినె."

ఆమె గేటు దడాలున వేసి వెళ్ళిపోయింది. చీర భిక్నూర్ పోయినందుకు ఆమెకు నా మీద ఎంత మంట ఉందో, ఆ మంట తాడ్వాయి నుంచి ఎల్లారెడ్డి దాకా ఎన్ని నోళ్ళలోంచి వచ్చిందో నాకు తర్వాత తెలిసింది. ఎప్పటినుంచో నా దగ్గరే కుట్టించుకునే ఒకామె గుడ్డలు వెనక్కి తీసుకుపోయింది. కూతురు నీళ్ళోసుకుందట, ఇప్పుడు నా చేత్తో కుట్టింది తొడిగించడం ఇష్టం లేదట. మొహం మీద చెప్పలేదు, కుట్టు మిషను వైపు చూస్తూ చెప్పింది. ఆమె గుడ్డలు మడతపెట్టి ఇచ్చాను. ఆ రోజు రెండు సూదులు విరగ్గొట్టుకున్నాను.

పొద్దున మాత్రం కూర్చున్నాను. తల పైన ఖాళీ మేకు. బోళ్ళ చప్పుడు మళ్ళీ మొదలైంది. మొక్కు తీరిపోయాక ఇంకెందుకు ఆగుతుంది? పాలవాడు గేటు దగ్గర నుంచే కేక వేస్తున్నాడు, టీవీలో భక్తి పాటలు. మేము అందరం యథాస్థానాలకు వచ్చేశాం.

ఆ శుక్రవారం కూర్చుని ఉన్నాను. నల్లా దగ్గర అత్త, గచ్చు మీద గిన్నెలు, గిన్నెల మధ్య స్పీకరు పెట్టిన ఫోను. గంగాబాయి గొంతు తలుపు దాటి లోపలికి వచ్చింది.

"ఇంకా కూసుంటుందా అవ్వా?"

"ఆఁ, లోపల కూసున్నది."

"దేనికట? పిలగాడు రానే వచ్చె. ఇంకేం గావాల్నట?"

గిన్నెల చప్పుడు ఆగింది. నేను ఊపిరి సంగతి వదిలేసి చెవులు అటు అప్పగించాను.

"దేనికి లేదు. ఊకెనే కూసుంటది," అంది మా అత్త. "నేను దినాం బోళ్ళు తోముతలేనా? రేపటికి మళ్ళ మాస్తలేవా? గట్లనే."

"గదేందే అవ్వా, గట్ల ఎవరన్న..."

"నీకు తెల్వది. ఫోన్ వెట్టెయ్, చెయ్యి తడున్నది."

నా గుండె ఎగిరి గంతేసింది. లేచి వెళ్ళి ఆ తడి చేతుల ముసలిదాన్ని గట్టిగా పట్టుకుందామనిపించింది. లేవబోయి ఆగాను. ఇన్నేళ్ళుగా ఎవరో ఒకరు ఈ ముక్క అంటారా అని ఎంత ఆశగా చెవులు రిక్కించి కూర్చున్నానో అప్పుడే తెలిసింది. ఏమీ కోరలేదు, ఏమీ కోరలేదని ఊరందరి మీదా కేకలు వేసిన దాన్ని, నా ముడుపు నేనే కట్టుకుని దాని కింద కూర్చున్నాను. ఇప్పుడు అది కూడా తీరిపోయింది. ముందు నా మీద నాకే కోపం వచ్చింది, తర్వాత నవ్వు వచ్చింది. ఇక దేనికి కూర్చోవాలి మరి?

బయట అత్త పెద్ద గంజు గిన్నెను గచ్చు మీద పడేసింది. అది దొర్లుకుంటూ పోయి గోడకు తగిలింది. నా కాళ్ళు తిమ్మిరెక్కాయి. అరగంట ఇంకా కాలేదు. నేను లేవలేదు.